నిలువ నీడ లేనివారికి ప్రభుత్వ పథకాలు, నిధులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లైఓవర్ కింద, బస్టాండులో, ఆసుపత్రి ఆవరణలో పడుకునేవాళ్ల గురించి మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. అడిగేవాళ్లలో కాలేజీ పిల్లలుంటారు, వార్డు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లుంటారు, ఇల్లు వదిలి వెళ్లిపోయిన నాన్న కోసం వెతుక్కుంటున్న కొడుకులూ కూతుళ్లూ ఉంటారు. ఇళ్ల పథకాలకు ఎలా దరఖాస్తు చేసుకోవాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. ఆ దరఖాస్తు దాకా కూడా చేరలేని మనిషి సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ మనిషికే.

ప్రభుత్వ లెక్కలో ఇల్లు లేనివారంటే ఎవరు?

జనగణన నిర్వచనం ప్రకారం కట్టడం అనదగ్గ చోటులో కాకుండా రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లు. అద్దె కొంపలో ఉన్నవాళ్లు, టార్పాలిన్ కప్పిన గుడిసెలో ఉన్నవాళ్లు సాధారణంగా ఈ లెక్కలోకి రారు. ఇల్లు లేనివాళ్లూ సొంతిల్లు లేనివాళ్లూ ఒకటి కాదు. పథకాల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మరిచిపోతే మొత్తం లెక్క తప్పుతుంది.

2011 జనగణనలో దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మంది ఇల్లు లేనివారని తేలింది. 2001లో ఆ సంఖ్య 19.4 లక్షలు. తగ్గిందని సంతోషించే ముందు ఇంకో అంకె చూడాలి. పల్లెల్లో తగ్గింది, పట్టణాల్లో 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకు పెరిగింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షల మంది.

ఈ లెక్క ఒక్క రాత్రిలో తీసినది. ఆ రాత్రి పోలీసులు లేపి పంపేసినవాళ్లు, కట్టుబడి జరుగుతున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పడుకున్న కూలీలు, ఫంక్షన్ హాలు వెనక గిన్నెల మధ్య నిద్రపోయిన వంటపని వాళ్లు ఇందులో ఎంతమంది పడ్డారో చెప్పడం కష్టం. అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువేనని ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా ఏళ్లుగా అంటున్నారు. మా మాటా అదే.

"అందరికీ ఇళ్లు" అంటున్నారు కదా, మరి ఫుట్‌పాత్ మీద ఇంకా మనుషులెందుకున్నారు?

ఇళ్ల పథకాలు చాలావరకు స్థలం ఉండి ఇల్లు కట్టుకోలేనివాళ్ల కోసం రూపొందినవి కాబట్టి.

పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015 జూన్‌లో మొదలైంది. దాని రెండో విడత 2024 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. లక్ష్యం కోటి ఇళ్లు, ప్రభుత్వ సాయం 2.30 లక్షల కోట్ల రూపాయలు, ఒక్కో ఇంటికి 2.50 లక్షల దాకా. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు బలహీన వర్గం కిందికి వస్తారు. వినడానికి బాగుంది. అయితే ఇందులో ఎక్కువమంది వెళ్లే దారి, లబ్ధిదారుడే ఇల్లు కట్టుకునే పద్ధతి. దానికి సొంత జాగా ఉండాలి.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైంది. ఇంటికి 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తారు. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులుండాలి. తొలి విడత సొంత స్థలం ఉన్నవారికే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పెద్ద ఎత్తున ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున, ఇంటి ఆడవాళ్ల పేరిట. స్థలమే ఇవ్వడం మంచి మాటే. కానీ పట్టాకు అర్హత తెల్ల రేషన్ కార్డు నుంచి మొదలవుతుంది, కార్డుకు చిరునామా కావాలి, చిరునామాకు ఇల్లు కావాలి.

ఒంటరిగా బతికే మగమనిషి, భర్త వదిలేస్తే నగరానికొచ్చిన ఆడమనిషి, కొడుకులు బయటికి గెంటిన ముసలాయన చాలా జాబితాల్లో ఒక "కుటుంబం" కారు. ఫుట్‌పాత్ మీద మనకు ఎక్కువగా కనబడేది వీళ్లే.

స్థలం లేనివాళ్లకు ఏ దారీ లేదా?

ఉంది, సన్నగా ఉంది. గ్రామీణ ఆవాస్ యోజనలో, అంటే మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు ఇచ్చే పథకంలో, అసలు నీడే లేని కుటుంబాలను, బిచ్చమెత్తి బతికేవాళ్లను, వెట్టి నుంచి విడుదలైనవాళ్లను నేరుగా చేర్చాలన్న నియమం ఉంది. స్థలం లేకపోతే రాష్ట్ర ప్రభుత్వమే చూపించాలి. పల్లెలో ఉన్నవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన నియమమిది.

పట్టణాల్లో అద్దె ఇళ్ల విభాగం ఒకటుంది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వేళ వలస కూలీలు కాలినడకన ఊళ్లకు పోవడం చూశాక కేంద్రం తెచ్చిన ఆలోచన, ఇప్పుడు ఆవాస్ యోజన రెండో విడతలో భాగం. నగరంలో కూలి చేసుకునేవాడికి నిజంగా పనికొచ్చేది ఇదేనని మేం నమ్ముతాం. ఎందుకంటే అతనికి కావాల్సింది పని దొరికే చోటికి దగ్గర్లో తక్కువ అద్దెకు ఒక మంచం. ఊరవతల పట్టా కాదు.

ఊరవతల అంటే గుర్తొచ్చేది కొల్లూరు. హైదరాబాద్ శివారులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీని 2023 జూన్‌లో ప్రారంభించారు. కట్టడం గొప్ప పనే, అక్కడ స్థిరపడ్డ కుటుంబాలకు బతుకు మారింది. కానీ తెల్లారి ఐదింటికి కోఠీలోనో సికింద్రాబాద్‌లోనో అడ్డా మీద నిలబడితేనే కూలి దొరికే మనిషి ఔటర్ రింగు రోడ్డు దగ్గర కాపురం పెట్టి ఏం చేస్తాడు? బస్సు చార్జీకే సగం కూలి పోతుంది.

నైట్ షెల్టర్లు పెట్టడం ప్రభుత్వ బాధ్యతా, దయా?

బాధ్యత. నివాస హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. షెల్టర్ల సంగతి మాత్రం ఒక చావుల కథతో ముడిపడి ఉంది. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డులోని తాత్కాలిక షెల్టర్‌ను అధికారులు తొలగించారు. ఆ తర్వాత బయట పడుకున్నవాళ్లలో మరణాలు జరిగాయని ఆహార హక్కు కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు లేఖ రాశారు. 2010 జనవరిలో కోర్టు ఢిల్లీకి ఆదేశాలిచ్చింది, అదే ఏడాది వాటిని మిగతా పెద్ద నగరాలకూ విస్తరించింది. లక్ష జనాభాకు ఒక షెల్టర్, ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలి.

2013లో కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ తెచ్చినప్పుడు అందులో షెల్టర్లను ఒక భాగంగా పెట్టింది. డబ్బు ఇచ్చినా చాలా రాష్ట్రాలు కదలకపోయేసరికి 2016 నవంబరులో సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కైలాష్ గంభీర్ నాయకత్వంలో ఒక కమిటీ వేసింది.

ఒక్క మాట. ఈ వ్యవహారమంతా ఢిల్లీ చలిని చూసి పుట్టింది. మన దగ్గర చలి కంటే వాన, ఎండలే ఎక్కువగా ప్రాణాల మీదికి తెస్తాయి. చలికాలంలో దుప్పట్లు పంచి ఫొటోలు దిగే ఉత్సాహం జూన్, జులై నెలల్లో కనబడదు. రాత్రంతా వాన కురిస్తే షట్టర్ వేసిన దుకాణం ముందు గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్చాల్సిందే. షెల్టర్‌లో ఖాళీలున్నాయా అని వాకబు చేయాల్సింది అసలు ఆ నెలల్లోనే.

షెల్టర్‌లో ఏమేం ఉండాలి?

మార్గదర్శకాల ప్రకారం మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు. లక్ష జనాభాకు 100 మందికి సరిపడా శాశ్వత షెల్టర్. మంచినీళ్లు, మరుగుదొడ్డి, స్నానాల గది, కరెంటు, పరుపు దుప్పట్లు, వంటకు చోటు లేదా భోజనానికి ఏర్పాటు, ప్రథమ చికిత్స పెట్టె, సామాన్లు పెట్టుకునే లాకర్లు. మూడు షిఫ్టుల్లో కేర్‌టేకర్లు. ఆడవాళ్లకు, కుటుంబాలకు, ముసలివాళ్లకు, ఆసుపత్రి నుంచి బయటపడి కోలుకుంటున్నవాళ్లకు విడిగా షెల్టర్లు ఉండొచ్చు.

ఈ లెక్కను హైదరాబాద్‌కు వేసి చూడండి. 2011లో జీహెచ్‌ఎంసీ పరిధి జనాభా 67.3 లక్షలు. అంటే వంద మంది పట్టే షెల్టర్లు అప్పటికే 67 ఉండాలి. ఆ దరిదాపులకు నగరం ఎప్పుడూ రాలేదు.

ఒక షెల్టర్ నడపడానికి ఎంత డబ్బు వస్తుంది? ఎవరిస్తారు?

జీవనోపాధి మిషన్‌లో కేంద్రం మొదట 75 శాతం, తర్వాత 60 శాతం భరించింది, మిగతాది రాష్ట్రం. స్థలం పురపాలక సంఘం చూపించాలి. కొత్తగా కట్టొచ్చు, ఉన్న కమ్యూనిటీ హాలునో పాత సత్రాన్నో బాగుచేసుకోవచ్చు. నిర్వహణ ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలకు అప్పగిస్తారు. తెలుగు రాష్ట్రాల్లో పైనుంచి చూసేది మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, హైదరాబాద్‌లో కార్పొరేషన్ యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగం.

నిర్వహణ ఖర్చు కింద 50 మంది షెల్టర్‌కు ఏడాదికి 6 లక్షల రూపాయలు, ఐదేళ్ల పాటు అన్నది మిషన్ లెక్క. భాగించి చూస్తే మనిషికి రోజుకు 33 రూపాయలు కూడా పడదు. నెలకు షెల్టర్ మొత్తానికి 50 వేలు. ముగ్గురు కేర్‌టేకర్లకు పది వేల చొప్పున ఇచ్చినా 30 వేలు పోతాయి. మిగిలిన 20 వేలలో కరెంటు బిల్లు, నీళ్ల ట్యాంకరు, ఫినాయిల్, దుప్పట్ల ఉతుకు, పాడైన మోటారు రిపేరు, అర్ధరాత్రి జ్వరం వచ్చిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో చార్జీ అన్నీ చూసుకోవాలి.

ఆ డబ్బయినా నెలనెలా రాదు. ముందు విడతకు ఖర్చయిందని ధ్రువపత్రం పైకి వెళ్లాలి, అది రాష్ట్రం నుంచి ఢిల్లీకి పోవాలి, తర్వాత విడత కిందికి రావాలి. ఎక్కడో ఒక బల్ల మీద ఫైలు ఆగితే ఇక్కడ కేర్‌టేకర్‌కు జీతం ఆగుతుంది. జీతం అందని కేర్‌టేకర్ మానేస్తాడు, రాత్రి తలుపు తీసేవాళ్లుండరు. బోర్డు మాత్రం ఉంటుంది. షెల్టర్లు మూతపడటానికి మనుషుల నిర్లక్ష్యం కంటే ఈ ఆలస్యమే పెద్ద కారణమని మా అభిప్రాయం.

ఉండేవాళ్ల దగ్గర కొద్దిగా రుసుము తీసుకోవడానికి మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి, అదీ వాళ్ల సంపాదనలో చిన్న వంతు మించకుండా. సంపాదన లేనివాళ్లను డబ్బు కట్టలేదని బయటికి పంపడం ఆ మార్గదర్శకాల ఉద్దేశానికే విరుద్ధం.

జీవనోపాధి మిషన్ ముగిసిపోయిందట కదా, ఇప్పుడు డబ్బు ఎక్కడిది?

2024 సెప్టెంబరుతో ఆ మిషన్ గడువు తీరింది. 2025 ఫిబ్రవరిలో ఇల్లు లేనివారి కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, పట్టణ పేదరిక నిర్మూలన మిషన్‌ను ఖరారు చేస్తున్నామని, షెల్టర్లు కూడా అందులో ఉంటాయని కేంద్రం తరఫున అటార్నీ జనరల్ ఆర్. వెంకటరమణి చెప్పారు. అది అమల్లోకి రావడానికి ఎంతకాలం పడుతుందో, ఈలోగా పాత మిషన్ కొనసాగుతుందో లేదో కనుక్కుని చెప్పమని కోర్టు అడిగింది.

పథకం పేరు మారే మధ్యకాలం ఇలాంటి చోట్ల చాలా ప్రమాదం. ఇల్లు కట్టుకునేవాడు ఆరు నెలలు ఆగగలడు, గోడలు ఎక్కడికీ పోవు. షెల్టర్‌కు ఆరు నెలలు డబ్బు ఆగితే అందులో ఉన్న యాభై మంది ఆ రాత్రే బయటపడతారు. అందుకే మీ ఊరి షెల్టర్‌కు ఈ ఏడాది డబ్బు ఏ పద్దు నుంచి వస్తోందో తప్పకుండా అడగండి. పురపాలక సాధారణ నిధుల నుంచి ఇచ్చినా అడ్డుచెప్పే నియమం లేదు.

ఆధార్ లేకపోతే షెల్టర్‌లోకి రానివ్వరా?

కొన్నిచోట్ల రానివ్వడం లేదు, అది సరికాదు. షెల్టర్‌కు వచ్చినవాళ్లకు గుర్తింపు కార్డు, రేషన్ కార్డు, పింఛను, బ్యాంకు ఖాతా, పిల్లలకు బడి ఇప్పించడం షెల్టర్ పనుల్లో ఒకటని మార్గదర్శకాలే చెబుతున్నాయి. కార్డు లేకుండానే మనిషి వస్తాడని అవే ఒప్పుకున్నట్టు.

కార్డు పోవడం ఎంత తేలికో బయటివాళ్లకు తెలియదు. ఒకాయన తన కాగితాలన్నీ పాల కవరులో చుట్టి, మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. పడుకున్నప్పుడూ తీసేవాడు కాదు. అందులో ఊళ్లో ఎప్పుడో ఇచ్చిన రేషన్ కార్డు జిరాక్సు, మడతలు పడ్డచోటల్లా అక్షరాలు చెరిగిపోయి ఉంది. ఆసుపత్రి చీటీ ఒకటి, తమ్ముడి ఫోన్ నంబరు రాసిన సిగరెట్ పెట్టె అట్ట ఒకటి. ఆయన ఆస్తి అదే. షెల్టర్‌లో లాకర్ ఎందుకంటే ఇందుకు.

ఆధార్ కావాలంటే గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం పనికొస్తుంది. గెజిటెడ్ అధికారి గానీ ఎమ్మెల్యే గానీ ఇచ్చిందైనా సరే.

చిరునామా లేకుండా ఓటు హక్కు వస్తుందా?

వస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది ఆగిపోతారు. ఓటరుగా నమోదయ్యే ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే చాలు. బూత్ లెవెల్ అధికారి రాత్రిపూట అక్కడికి వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఒక్క రాత్రి కాదు, ఒకటికి మించి. అలా నిర్ధారణ అయితే నివాస ధ్రువపత్రం అడగకూడదని ఎన్నికల సంఘం నియమం.

ఓటరు కార్డు చేతికొస్తే మిగతా తలుపులు కొంచెం తెరుచుకుంటాయి. వార్డులో ఓటున్న మనిషితో కార్పొరేటర్ మాట్లాడే తీరు కూడా వేరు.

రేషన్, భోజనం సంగతి?

ఊళ్లో కార్డు ఉంటే ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద నగరంలోనూ వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. బియ్యం తెచ్చుకున్నా వండుకునే చోటేది? అందుకే ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో 5 రూపాయల భోజన కేంద్రాలు వీళ్లకు పెద్ద ఆసరా.

మతిస్థిమితం లేని మనిషి రోడ్డు మీద తిరుగుతుంటే ఎవరికి చెప్పాలి?

పోలీసులకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం స్టేషన్ అధికారి బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేనివాళ్లకు ప్రభుత్వ మానసిక వైద్యం ఉచితమని అదే చట్టం హామీ ఇచ్చింది. 112కు ఫోన్ చేసేటప్పుడు ఈ చట్టం పేరు చెప్పండి, స్పందనలో తేడా కనిపిస్తుంది.

చిక్కంతా కోలుకున్నాక వస్తుంది. ఆసుపత్రి పంపించేస్తుంది, ఇంటివాళ్లు తీసుకెళ్లరు. మందులు వేసుకుంటూ నెమ్మదిగా నిలదొక్కుకునే చోటు దొరకక మళ్లీ అదే రోడ్డు.

బిచ్చమెత్తేవాళ్లను పట్టుకెళ్లే అధికారం ఉందా?

1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఆంధ్రప్రదేశ్‌లో చేసినది, తెలంగాణకూ సంక్రమించింది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు ముందు పోలీసు కమిషనర్ భిక్షాటనను నిషేధించి, చాలామందిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అతిథులు వస్తున్నారని పేదవాణ్ణి దాచిపెట్టడం పునరావాసం కాదు. ఢిల్లీ హైకోర్టు 2018లో అక్కడి భిక్షాటన చట్టంలో నేరంగా చూసే నిబంధనలను కొట్టేసింది. 2021లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సామాజిక, ఆర్థిక సమస్యగా చూడాలంది. కేంద్రం 2022లో స్మైల్ పేరుతో 365 కోట్ల పథకం తెచ్చింది, భిక్షాటన చేసేవాళ్ల పునరావాసం అందులో ఒక భాగం.

షెల్టర్ ఉన్నా వాళ్లే వెళ్లరంటారు. నిజమేనా?

కొందరు వెళ్లరు. కారణం అడిగితే చెబుతారు, మనం అడగం. తోపుడు బండి బయట వదిలేస్తే పొద్దున్నకు ఉండదు. భార్యాభర్తలు విడివిడిగా పడుకోవాలి. రాత్రి పదికి తలుపేస్తే హోటల్లో గిన్నెలు కడిగి పన్నెండింటికి వచ్చేవాడు బయటే. ఇదివరకు పట్టుకెళ్లిన అనుభవం ఉన్నవాళ్లు వ్యాన్ చూస్తేనే పారిపోతారు. ఆడవాళ్లు అడిగే మొదటి ప్రశ్న బాత్రూమ్ గడియ పడుతుందా అని. ఇవి సర్దగలిగిన విషయాలే. వీటికి అయ్యే ఖర్చు కొత్త భవనం ఖర్చులో ఏ మూలకూ రాదు.

ఆసుపత్రుల బయట పడుకునేవాళ్లూ దీని కిందికి వస్తారా?

వాళ్లలో చాలామందికి ఊళ్లో ఇల్లుంది, నగరంలో లేదు. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రులకు రోగితో వచ్చి, వారాల తరబడి చెట్టు కింద ఉండేవాళ్లు. పెద్దాసుపత్రుల దగ్గర సహాయకుల కోసం షెల్టర్లు పెట్టడం మంచి పని, ఇంకా పెరగాలి. అయితే వాటిని చూపించి ఇల్లు లేనివాళ్ల కోటా నిండిందనకూడదు.

పిల్లలు కనిపిస్తే?

పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. పెద్దల షెల్టర్‌కు తీసుకెళ్లకండి. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి.

మా ఊరి షెల్టర్ సరిగా నడవడం లేదు. ఏం చేయగలం?

ముందు రాత్రి తొమ్మిదికి ఒకసారి వెళ్లి చూడండి. పగలు చూస్తే అసలు సంగతి తెలియదు. తర్వాత పురపాలక సంఘం సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అడగాల్సినవి: షెల్టర్‌లో ఎన్ని పడకలు, గత ఏడాది నిర్వహణకు ఎంత విడుదలైంది, ఏ తేదీన, ఖర్చు ధ్రువపత్రం ఎప్పుడు పంపారు, కేర్‌టేకర్ల జీతాలు ఏ నెల వరకు చెల్లించారు, షెల్టర్ నిర్వహణ కమిటీ చివరి సమావేశం ఎప్పుడు, దాని తీర్మానాల ప్రతి. ఫీజు పది రూపాయలు. "షెల్టర్ ఎందుకు బాగోలేదు" అని అడిగితే జవాబు రాదు. తేదీలు, అంకెలు అడిగితే ఫైలు కదులుతుంది.

వచ్చే జనగణనలో వీళ్ల లెక్క సరిగా రావాలంటే?

జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. షెల్టర్లు ఎన్ని, డబ్బు ఎంత అన్నది ముందుముందు ఆ అంకెల మీదే నడుస్తుంది. ఇల్లు లేనివాళ్లను లెక్కించేది ఒకే రాత్రి కాబట్టి, మీ వార్డులో మనుషులు ఎక్కడెక్కడ పడుకుంటారో ముందే జాబితా రాసి మున్సిపల్ కార్యాలయంలో జనగణన చూసే అధికారికి ఇచ్చి, రసీదు తీసుకోండి. ఏ ఫ్లైఓవర్, ఎన్నో స్తంభం, సుమారు ఎందరు, ఎన్ని గంటలకు వస్తారు అన్నవి ఉండాలి. ఆ రాత్రి వాళ్లను అక్కడి నుంచి లేపొద్దని స్థానిక స్టేషన్‌కు కూడా ఒక ప్రతి ఇవ్వండి.